నలభై ఆవుల అర్బాబ్

కంటి ఆసుపత్రి నుంచి ఆటోలో ఇంటికి వస్తున్నాను. సముద్రం పక్క రోడ్డు మీద సగం మేర నెత్తళ్ళు ఆరబోశారు. ఎక్కడినుంచో ఒక ఎర్రావు వచ్చి ఆ చేపల్లో మూతి పెట్టి, నింపాదిగా నమలడం మొదలుపెట్టింది. ఆటో అబ్బాయి బ్రేకు వేశాడు.

"ఇదేంటండీ బాబూ, ఆవు చేపలు తినేత్తంది!" అన్నాడు.

"తింటుంది. పాలు కూడా బాగా ఇస్తుంది," అన్నాను.

అద్దంలోంచి నన్నోసారి చూశాడు. కంట్లో వేసిన మందు బుర్రకెక్కిందనుకున్నాడేమో, మళ్లీ మాట్లాడలేదు. నేనూ చెప్పలేదు. చెప్పాలంటే చాలా దూరం వెళ్లాలి.

మా అమ్మ నర్సు. గోదావరి జిల్లాలో మిషను ఆసుపత్రిలో చేస్తుండగా ఆమెకు దుబాయ్ ఉద్యోగం వచ్చింది. మా వైపు గల్ఫ్ మొత్తానికీ దుబాయ్ అనే పేరు. తీరా వెళ్లాక ఆమెని వేసిన ఊరు దుబాయ్ కాదు, కొండలకు అవతల ఉన్న కల్బా. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క గడ్డిపోచ లేని గోధుమరంగు కొండలు, మధ్యలో ఖర్జూరపు తోటలు, నాలుగు దుకాణాలు, ఒక ఆసుపత్రి. ఏడాది తిరక్కుండా నన్నూ నాన్ననీ రప్పించుకుంది. మా చదువులు చెప్పే బడి కొండలు దాటితే గాని లేదు. అందుకని పుస్తకాలు తెప్పించి తనే చెప్పేది. తను డ్యూటీలో ఉన్నంతసేపూ నేను నాన్న వెంట.

నాన్న మన దగ్గర పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. అక్కడ ఆయనకి పని దొరికిన తీరు అమ్మ ఎన్నిసార్లు చెప్పినా మాకు నవ్వొచ్చేది. ఒకరోజు ఆమె వార్డుకి యాభై ఏళ్ల మనిషిని తీసుకొచ్చారు. ఆవు తన్నింది. పక్కటెముక విరిగింది. అమ్మ కట్టు కడుతుంటే ఆయన నొప్పి సంగతి మాట్లాడడు, వచ్చీరాని హిందీలో, "సిస్టర్, పొదుగు వాస్తే ఏం మందు వెయ్యాలి?" అని అడుగుతున్నాడు.

"ఎవరి పొదుగండీ?" అంది అమ్మ బిత్తరపోయి.

"నన్ను తన్నిన ఆవుది. పాపం, అది నొప్పికి తన్నింది."

మర్నాడే నాన్న ఆ ఆవు పొదుగుకి కాపడం పెడుతున్నాడు. ఆ మనిషినే అందరూ అర్బాబ్ అనేవారు. అంటే యజమాని. మేమూ అలాగే పిలిచాం.

ఆ తీరంలో బయటిదేశపు ఆవుల్ని తెచ్చి పెంచిన మొదటి మనిషి ఆయనే. వాళ్ల నాన్న తోటకి నీళ్లు పెట్టే రైతు. ఎద్దుతో బావిలోంచి నీళ్లు లాగడం ఆయన చిన్నప్పటి పని. మీసం మొలవకముందే పడవెక్కి కువైట్ పోయాడు. అక్కడ ఒక పెద్ద డెయిరీలో పన్నెండేళ్లు పేడ ఎత్తాడు. గేదెలంత ఎత్తున్న తెలుపు నలుపు ఆవులు, గొట్టాలతో పాలు పిండే యంత్రాలు, చల్లటి పాకలు చూసి, మా ఊళ్లోనూ ఇలాంటిది పెడతాను అని అక్కడే తీర్మానించుకున్నాడట. తిరిగొచ్చి, తండ్రి తోట పక్కన నేల చదును చేసి, డీజిలు పంపులు బిగించి, జొన్నగడ్డి వేశాడు. ఆ తర్వాత ఓడలో ఆవులు దిగాయి. ఓడ దగ్గర్నుంచి వాటిని నడిపించుకొస్తుంటే దుకాణాలు మూసేసి జనం రోడ్డుకి అటూ ఇటూ నిలబడ్డారనీ, ఒక ముసలాయన వాటి రంగు నిజమో పూతో తెలుసుకోడానికి వేలికి ఉమ్మి రాసుకుని రుద్ది చూశాడనీ అర్బాబే చెప్పేవాడు. చెప్పేటప్పుడు ఆ వేలు కూడా తిప్పి చూపించేవాడు.

నేను వెళ్లేనాటికి అవి నలభై. వాటిని చూసే మనిషి కరీంనగర్ వైపు పల్లెటూరివాడు, గొల్లాయన. మేస్త్రీ పని అని చెప్పి పంపిస్తే, వచ్చాక చేతిలో తాపీకి బదులు పలుపుతాడు పెట్టారు. దానికాయన ఏమీ బాధపడలేదు. "గోడలు గట్టుడు నాకేమెర్క బిడ్డా? గొడ్లయితే నాతోని ముచ్చట్లు వెడ్తయి," అనేవాడు. నేను ఆయన్ని కాకా అని పిలిచేదాన్ని. ముందు నడిచే పెద్ద ఆవుకి పెద్దక్క అని పేరు పెట్టాడు. మిగతావాటికి తన ఊరివాళ్ల పేర్లు. ఏ ఆవు మొండికేసినా, "గిది మా మేనత్తనే, సందేహం లేదు," అనేవాడు.

అర్బాబ్ ఇల్లు తోటలోనే. భార్య నెమ్మదస్తురాలు, మాట తక్కువ, చెయ్యి పెద్దది. మేం వెళ్లిన గడియలో పళ్లెంలో ఖర్జూరాలు, లబన్ అనే చిక్కటి మజ్జిగ వచ్చేసేవి. కూతురు నాకంటే ఏడాది పెద్దది. మొదటిరోజే నా జడలు రెండూ పట్టుకుని తూకం చూసింది. ఆ తర్వాత మేమిద్దరం విడిగా తిరిగిన రోజు నాకు గుర్తులేదు.

అసలు ఆ ఇంటికి పెద్ద అర్బాబ్ తల్లి, నా నేస్తం నాయనమ్మ. అక్కడి మాటలో యద్దూ. కళ్లకి సందు వదిలి ముక్కునీ పెదవినీ కప్పే నీలం ముసుగు కట్టుకునేది. అది ఎండలో ఇత్తడిలా మెరిసేది. ఆ నీలం అంటి బుగ్గలు ఎప్పుడూ కాస్త నీలంగా ఉండేవి. నాకు అరబ్బీ పట్టుబడింది ఆమె దగ్గరే.

యద్దూకి కొడుకు ఆవులంటే చులకన. ఆమెకి వేరే మంద ఉండేది. చిన్న మూపురంతో, మన నాటు ఆవుల్లాంటి ఎర్రటి పొట్టి ఆవులు ఎనిమిది, ఒక ముసలి ఎద్దు. వాటికి మేత ఎండబెట్టిన చిన్న చేపలు, ఉడకబెట్టిన ఖర్జూరపు గింజలు. రోజూ పొద్దున్నే పెద్ద ఇత్తడి గుండిగలో ఆ గింజలూ చేపలూ కలిపి ఉడికించేది. ఆ ఆవిరి వాసన తోటంతా పట్టేది. తియ్యగా, నీచుగా, కాలిన బెల్లంలా ఉండేది. ఆ పాలలో కూడా ఎక్కడో సముద్రం తగిలేది. మొదట్లో నేను ముక్కు మూసుకుని తాగాను. నెల తిరిగేసరికి అర్బాబ్ ఆవుల పాలు నాకు చప్పగా అనిపించాయి.

"నీ కొడుకు ఆవులు పెద్దవి కదా యద్దూ?" అని అడిగితే మూతి తిప్పేది.

"అవి ఆవులా? దొరసానులు. పంకా కావాలి, స్నానం కావాలి, డాక్టరు కావాలి. మీ నాన్నని అడుగు, వాటికి ఇంకా సెంటు రాయలేదేం అని."

మధ్యాహ్నం అందరం ఒకే పళ్లెం చుట్టూ కూర్చునేవాళ్లం. అన్నం మీద ఎండుచేప పొడి, నెయ్యి, నిమ్మకాయ పిండుకుని తినడం. సెలవు రోజున అమ్మ చేపల పులుసు కాచి గిన్నెతో తెచ్చేది. అర్బాబ్ దాన్ని కన్నీళ్లు కారుతుండగా తినేవాడు, ఇంకొంచెం అనేవాడు. కాకా మాత్రం, "అన్ని మంచిగనే ఉన్నయి గని సిస్టరమ్మా, ఒక్క జొన్నరొట్టె ఉంటే పానం లేచొచ్చు," అనేవాడు. ఆవులకి వేసే గడ్డి జొన్నే గదా అని నేనంటే, "గడ్డి దినమంటవా బిడ్డా నన్ను?" అని పెద్దగా నవ్వేవాడు.

మేం చేసిన వెధవ పనుల్లో ఒకటి చెప్పాలి. యద్దూ మధ్యాహ్నం పడుకునేటప్పుడు ముసుగు తీసి ఖర్జూరపు మట్టల గోడకి తగిలించేది. ఒకరోజు మేమిద్దరం దాన్ని ఎత్తుకుపోయి, నెల కూడా నిండని తెల్లమూతి దూడకి కట్టాం. ముడి సరిగ్గానే వేశాం. దూడకి కళ్లు కనబడుతూనే ఉన్నాయి గాని ముక్కు మీదేదో ఎక్కిందని బెదిరిపోయింది. చెవులు రిక్కించి, తోక లేపి, పాకలోంచి పరుగందుకుంది. అటు అర్బాబ్ కొందరు పెద్దమనుషులకి తన డెయిరీ చూపిస్తున్నాడు. తెల్లటి బట్టల్లో, బెత్తాలు పట్టుకుని గంభీరంగా నిలబడ్డ వాళ్ల మధ్యలోంచి ముసుగేసుకున్న దూడ దూసుకుపోయింది.

అర్బాబ్ ముఖం ఎర్రబడింది. గొడవకి లేచిన యద్దూ పైటలాంటి నల్లగుడ్డతో మొహం కప్పుకుని వచ్చింది. దూడని పట్టుకుని, దాని మొహంలోకి కాసేపు పరీక్షగా చూసింది.

"మా అత్తగారికంటే దీనికే బాగుంది," అంది.

వచ్చిన పెద్దమనిషి ఒకాయన నవ్వు ఆపుకోలేక బెత్తం కింద పడేసుకున్నాడు. మాకు శిక్ష, వారం రోజులపాటు యద్దూ ఆవులకి గోమార్లు ఏరడం. దూడ మూతికి నీలం అంటి నెల పైన పోలేదు. కాకా దాన్ని నీలమ్మా అని పిలిచాడు.

ఆ ఏడు ఎండలు తొందరగా వచ్చాయి. సముద్రం మీంచి తడిగాలి వీచేది. నిలబడితే చాలు చెమట. పెద్ద ఆవుల పాకకి పైన మట్టల కప్పు, కింద పంకాలు, సన్నగా నీళ్లు చిమ్మే గొట్టాలు. అంతా జనరేటరు మీద నడిచేది. ఎండల కంటే ముందు నీళ్లు మారాయి. కుడితి తొట్ల అంచులకి తెల్లగా పొరకట్టింది. కాకా దాన్ని వేలితో గీకి నాలిక మీద పెట్టుకున్నాడు.

"సారూ, ఉప్పు. సాఫ్ ఉప్పు."

ఆవులు తొట్టి దాకా వచ్చి, వాసన చూసి, తల తిప్పుకునేవి. దాహం ఆగక తాగితే పారుకునేవి. పాలు సగానికి పడిపోయాయి. జొన్నగడ్డి చివర్లు మాడాయి. దిగువ తోటలవాళ్లు వచ్చి అరుగు మీద కూర్చుని, తమ ఖర్జూరపు చెట్ల ఆకులు కూడా ఎండుతున్నాయని నెమ్మదిగా చెప్పి, కాఫీ తాగి, ఇంకేమీ అనకుండా వెళ్లిపోయేవారు. ఆ పంపులు మొదట పెట్టింది అర్బాబ్. ఆయన్ని చూసి అందరూ పెట్టుకున్నారు. భూమిలో మంచినీళ్లు అయిపోయినకొద్దీ సముద్రం లోపల్లోపల ఇటు జరుగుతోందని నాన్న నాకు గ్లాసులో ఇసుక పోసి చూపించాడు.

ఒక మధ్యాహ్నం జనరేటరు ఆగిపోయింది. పంకాలు ఆగాయి. నీళ్ల తుంపర ఆగింది. గంటలోపు మూడు ఆవులు మోకాళ్ల మీద కూలిపోయాయి. నాలికలు బయటికొచ్చాయి. అర్బాబ్ పికప్ వేసుకుని రేవుకి పోయి, చేపలకి వాడే ఐసుదిమ్మలు తెచ్చాడు. కబురు తెలిసి అమ్మ డ్యూటీ దిగి తెల్ల యూనిఫారంతోనే వచ్చేసింది. గోనెసంచుల్లో ఐసు చుట్టి ఆవుల మెడల మీదా నుదుళ్ల మీదా పెట్టాం. దొరసానులని ఎగతాళి చేసిన యద్దూ ఒక ఆవు తల ఒళ్లో పెట్టుకుని, ఐసుముక్క దాని నాలిక మీద రాస్తూ ఏవో దువాలు చదివింది. కాకా పెద్దక్క చెవిలో, "లేవే తల్లీ, లే. గింత దూరమొచ్చి గిట్ల జేస్తే ఎట్లనే," అని బతిమాలుతూనే ఉన్నాడు.

పెద్దక్క లేచింది. మిగతా రెండూ లేవలేదు.

ఎండ వాలాక కూడా అర్బాబ్ చనిపోయిన ఆవు పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. ఎవరూ దగ్గరికి వెళ్లలేదు. యద్దూ వెళ్లింది. చేతికర్ర నేలకి ఆనించి, కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "కొండ మొదట్లో మీ తాత బావి ఉంది. మూసేశాం గాని, పూడ్చలేదు," అంది.

మర్నాడు అందరం వెళ్లాం. వాగు మలుపులో, పెద్ద రాళ్ల కింద దుంగలు పరిచి కప్పిన బావి. దుంగలు తీసి, రెండురోజులు పూడిక తీస్తే నీళ్లు ఊరాయి. నాన్న దోసిలితో తాగి అమ్మకిచ్చాడు. ఆమె తాగి నా నోటికందించింది. ఆ రుచి ఎలా చెప్పను? ఉప్పునీళ్ల టీకి అలవాటు పడ్డ నోటికి అది పంచదార నీళ్లలా తోచింది.

యంత్రం లేదు కదా, ఎలా తోడాలి అన్నప్పుడు అర్బాబ్ కొట్టులోంచి పాత సామాను తెప్పించాడు. కొయ్యగిలక, తాళ్లు, ఎండి బిగిసిన తోలు బొక్కెన. అది చూసి కాకా ఎగిరి గంతేశాడు.

"సారూ! గిది మోట గదా! మా నాయిన జిందగీ అంత గిదే గొట్టిండు!"

గిలకకి నూనె పెట్టి, తోలుని నెయ్యితో మెత్తబరచి, ముసలి ఎద్దుని కట్టి, ఏటవాలు బాట మీద నడిపించాడు. ఎద్దు కిందికి దిగితే బొక్కెన పైకొస్తుంది. గిలక కిర్రుమని అరిచింది. నీళ్లు దబ్బున తొట్లో పడ్డాయి. కాకా అప్పటిదాకా మేం వినని గొంతుతో పాడటం మొదలుపెట్టాడు. అర్బాబ్‌కి భాష తెలియదు. అయినా బాట చివర నిలబడి, వాళ్ల నాన్న పాడిన పాటేదో అందుకున్నాడు. రెండు పాటలకీ తాళం ఒకటే, ఎద్దు అడుగు.

డ్రమ్ముల్లో నింపి పికప్‌లో పాకకి చేరవేశాం. ఆవులు తలలెత్తకుండా తాగాయి. కాని బావి ఎంత ఇస్తుందో రెండు వారాల్లో తేలిపోయింది. పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు. మధ్యలో ఊరడానికి వదలాలి. ఎనిమిది, మహా అయితే పది ఆవులకి సరిపోతుంది. మిగతావాటికి ఉప్పునీళ్లే కలిపి పోస్తున్నాం.

ఒక ఉదయం అర్బాబ్ కొత్త డీజిలు పంపు తెచ్చి పికప్ వెనక ఎక్కించాడు. నాన్నని రమ్మన్నాడు. నేనూ నా నేస్తం వెనక యంత్రం పక్కన ఎక్కి కూర్చున్నాం. వెళ్లేసరికి యద్దూ బావి గట్టు మీద చాప పరుచుకుని కూర్చుని ఉంది. పక్కన కాఫీ కూజా. తెల్లవారగానే నడుచుకుంటూ వచ్చేసిందట.

అర్బాబ్ దిగి ఆమె ముందు నిలబడ్డాడు.

"అమ్మా, లే. ఎండెక్కుతోంది."

"నాకిక్కడ చల్లగానే ఉంది."

"ఆవులు చచ్చిపోతున్నాయమ్మా."

"చూశాను. నా ఒళ్లోనే పోయింది ఒకటి."

"ఒక్క ఏడాది నడవనీ ఈ యంత్రాన్ని. ఈలోగా గవర్నమెంటు పైపు వేస్తుంది."

"కింద తోట బావి దగ్గరా ఒక్క ఏడాదే అన్నావు."

ఆయనకి కోపం వచ్చింది. పన్నెండేళ్లు పేడ ఎత్తింది ఇందుకేనా అన్నాడు. ఊరంతా నవ్వుతుంటే నిలబెట్టాను అన్నాడు. గొంతు పెద్దదైంది, తర్వాత చిన్నదైంది. యద్దూ అంతా విని, కాఫీ చిన్న గిన్నెలో పోసి ఆయన ముందు పెట్టింది.

"నువ్వు చిన్నప్పుడు ఎద్దు వెనకాల ఈ బాటలో నడుస్తూ నిద్రపోయేవాడివి. నీళ్లు అయిపోగానే బొక్కెన తేలికై ఎద్దు ఆగిపోయేది. అది ఆగిన చోట నిన్నెత్తుకుని ఇంటికి తీసుకెళ్లేదాన్ని. ఎద్దుకి తెలుసు ఎక్కడ ఆగాలో. నీ యంత్రానికి ఎవరు చెప్తారు?"

అర్బాబ్ కాఫీ ముట్టుకోలేదు. నాన్న వైపు తిరిగాడు. నాన్నని ఆయన సదీక్ అనేవాడు, అంటే స్నేహితుడు.

"సదీక్, నువ్వు చెప్పు. నువ్వు ఆవుల డాక్టరువి."

నాన్న తన చెప్పుల వంక చూసుకున్నాడు. "నన్నడగొద్దు అర్బాబ్. ఆవులుంటేనే నా ఉద్యోగం. నేనేం చెప్పినా అది నాకోసం చెప్పినట్టే ఉంటుంది," అన్నాడు.

అర్బాబ్ నాన్న భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచి, వెళ్లి పికప్‌లో కూర్చున్నాడు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి బావి వైపే చూస్తున్నాడు. నా నేస్తం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎంతసేపైందో తెలీదు. యంత్రం ఇనుము కాలి, దాన్ని ఆనుకోలేక మేం దూరం జరిగాం. యద్దూ కదల్లేదు. ఆఖరికి ఆయన దిగొచ్చాడు. చల్లారిపోయిన ఆ కాఫీ ఎత్తి తాగాడు. గిన్నె తల్లి చేతికిచ్చి, అక్కడి అలవాటు ప్రకారం ఇక చాలన్నట్టు అటూ ఇటూ ఊపాడు.

"ఖలాస్," అన్నాడు.

పంపు మళ్లీ తోట ముఖం చూడలేదు. పెద్ద ఆవుల్ని, ఎడారి అవతల నీళ్లు బాగా ఉన్న చోట ఒక డెయిరీవాళ్లు తీసుకున్నారు. మూడు లారీలు వచ్చాయి. కాకా ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలిచి ఎక్కించాడు. పెద్దక్క దగ్గరికొచ్చేసరికి ఆగి, తలపాగా విప్పి మొహం తుడుచుకుని, "పో బిడ్డా, అక్కడ నీళ్లు మంచిగున్నయట," అన్నాడు. మేం నీలమ్మకి వీడ్కోలు చెబుదామని దూడల లారీ దగ్గరికి పరుగెత్తాం. మూతి నీలం ఎప్పుడో పోయింది. తెల్లమూతి దూడలు నాలుగున్నాయి. అందులో అదేదో మేం గుర్తుపట్టలేకపోయాం. నాలుగింటికీ ముద్దులు పెట్టాం.

లారీలు వెళ్లాక తోట అంతా ఒక్కసారి చప్పుడు లేకుండా పోయింది. అర్బాబ్ ఖాళీ పాకలో ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. ఒక పలుపుతాడు తీసి చుట్టచుట్టి మేకుకి తగిలించాడు. ఇంకోటి తీశాడు. అన్నీ అలాగే తగిలించేదాకా ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

మరుసటి వారం నాన్నని బండిలో ఎక్కించుకుని పురపాలక పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్కడి ముదీర్‌తో, అంటే పై అధికారితో, "ఈయన నా మనిషి కాదు, నా ఆవుల మనిషి. నేనిస్తున్నానని తీసుకోవద్దు, అవి ఇస్తున్నాయని తీసుకోండి," అన్నాడట. నాన్నకి ఉద్యోగమైంది. కాకా మాత్రం అక్కడే ఉండిపోయాడు, మోటకీ ఎర్రావులకీ.

నాకు బాగా నిలిచిపోయిన దృశ్యం ఆ తర్వాతిది. అర్బాబ్ కువైట్‌లో నేర్చింది యంత్రంతో పితకడం. పొట్టి ఆవుల చన్నులు చిన్నవి, చేత్తోనే పిండాలి. ఒక పొద్దున మేం వెళ్లేసరికి ఆ యాభై ఏళ్ల మనిషి, మోకాళ్ల మధ్య గిన్నె ఇరికించుకుని, గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన యద్దూ.

"అలా లాగకు. అది గంట కాదు. పైనుంచి కిందికి, వేలు వెంట వేలు."

ఆవు తన్నింది. గిన్నె ఒలికింది. చేపల వాసన పాలు ఆయన తెల్లటి అంగీ అంతా పడ్డాయి. "అది నొప్పికి తన్నింది," అంది యద్దూ. అర్బాబ్ తల ఎత్తి తల్లిని చూసి నవ్వాడు. ఆవులు పోయాక ఆయన నవ్వగా చూడటం అదే మొదలు.

ఆ తర్వాత ఆ కుటుంబం చిన్నగానే బతికింది. ఎనిమిది ఆవులు పదయ్యాయి. పాలు మా ఆసుపత్రికీ, చుట్టుపక్కల ఇళ్లకీ వచ్చేవి. ఉదయం సాయంత్రం మోట ఆడేది. తమ బావి మరీ ఉప్పెక్కినవాళ్లు వచ్చి కడవలతో తీసుకెళ్లేవారు. అర్బాబ్ భార్యకి ఆ చలికాలంలో కొడుకు పుట్టాడు. కాన్పు చేసింది మా అమ్మే. పిల్లాడికి మొదటి స్నానం ఆ బావి నీళ్లతోనే పోయించాలని యద్దూ పట్టుబట్టింది.

రెండేళ్లకి నన్ను పెద్దబడిలో వెయ్యాలని ఇంటికి పంపించేశారు. నాన్న దిగబెట్టడానికి వచ్చాడు. విమానం దుబాయ్ నుంచి. కొండలు దాటి తీసుకెళతానని అర్బాబ్ తనే పికప్ తీశాడు. నా నేస్తం ఏడ్చింది, నేనూ ఏడ్చాను, తర్వాత కొన్నాళ్లు ఉత్తరాలు రాసుకున్నాం. ఆమె ఒక ఉత్తరంలోనే యద్దూ పోయిందని రాసింది. ఆ పైన అడ్రసులు మారి ఎవరి దారిన వాళ్లం అయ్యాం.

ఆ వయసులో నేను అర్బాబ్ ఓడిపోయాడనుకున్నాను. నలభై ఆవులున్న మనిషి ఎనిమిదికి దిగితే ఓడిపోవడమే కదా. పెద్దయ్యాక, ఆ తీరం పొడుగునా తోటలు ఎలా ఎండిపోయాయో అటునుంచి వచ్చినవాళ్లు చెబుతుంటే విన్నాను. మొండేలు మిగిలిన ఖర్జూరపు చెట్లు, తెల్లబడ్డ నేల. అందరూ ఇంకొక్క ఏడాది, ఇంకొక్క ఏడాది అనుకుంటూ యంత్రాలు నడిపినవాళ్లే. చెడ్డవాళ్లు కారు. వాళ్లెవరి ముందూ ఒక ముసలామె చాప పరుచుకుని కూర్చోలేదు, అంతే. కూర్చున్నా, చల్లారిన కాఫీ ఎత్తి తాగడానికి ఎంతమందికి చెయ్యి వచ్చేదో చెప్పలేను. నాకు వచ్చేదా అని చాలాసార్లు అనుకున్నాను.

నేను వచ్చేసిన రోజు ఆ కొండదారిలో పికప్ ముందు సీట్లో మేం ముగ్గురం. అర్బాబ్ దారిపొడుగునా కువైట్ కబుర్లు, ఆవులు ఓడ దిగిన రోజు కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఉమ్మి రాసి రుద్ది చూసిన ముసలాయన సంగతి మళ్లీ చెప్పాడు. చివరికి, "ఈ తీరంలో మొదటివాణ్ని నేనే సదీక్. ఆ మాట ఎవరూ కాదనలేరు," అన్నాడు.

నాన్న అన్నాడు, "మొదట మొదలుపెట్టిందీ మీరే అర్బాబ్, మొదట ఆపిందీ మీరే."

అర్బాబ్ నవ్వడం మొదలుపెట్టాడు. అది ఆగలేదు. నవ్వి నవ్వి బండి నడపలేక రోడ్డు పక్కకి తీసి ఆపేశాడు. తలగుడ్డ చెంగుతో కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. నాన్న అటుపక్క కిటికీలోంచి కొండల్ని చూస్తూ కూర్చున్నాడు. వాళ్లిద్దరి మధ్యా నేను కదలకుండా ఉన్నాను. వెనకనుంచి వచ్చిన లారీ ఒకటి హారను కొట్టి మమ్మల్ని దాటిపోయింది.

కాసేపటికి ఆయన గుడ్డ సర్దుకుని, "యల్లా," అన్నాడు, మాలో ఎవరితోనూ కాకుండా. బండి కదిలింది.